ద్రాక్ష తీపిని కొలిచే రిఫ్రాక్టోమీటరు: ఒక పంట కాలం వాడిన తరువాత

అనంతపురం జిల్లా నార్పల దగ్గర మాకు రెండెకరాల థాంప్సన్ సీడ్‌లెస్ ద్రాక్షతోట ఉంది. అక్టోబరులో కత్తిరింపు చేసిన పందిరి వేసవి మొదట్లో కోతకు వచ్చేసరికి ఏటా ఒకటే తగవు: వ్యాపారి ఒక పండు నోట్లో వేసుకుని "ఇంకా పులుపు పోలేదన్నా, వారం ఆగుదాం" అంటాడు, ఆ వారంలో ధర ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. ఈ తగవు తీరుతుందని 1,800 రూపాయలు పెట్టి చేతి రిఫ్రాక్టోమీటరు ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను.

అద్దం మీద రెండు చుక్కల రసం వేసి, మూత దించి, వెలుతురు వైపు పట్టుకుని చూస్తే నీలమూ తెలుపూ కలిసే గీత దగ్గర బ్రిక్స్ అంకె కనిపిస్తుంది. 18 అంటే నూరు గ్రాముల రసంలో సుమారు 18 గ్రాముల చక్కెర అన్నమాట. ముందుగా డిస్టిల్డ్ వాటర్‌తో సున్నా సరిచూసుకోవాలి. బ్యాటరీ షాపులో అమ్మే నీళ్లు చాలు.

అసలు చిక్కు మన ఎండతో వచ్చింది. ఉష్ణోగ్రత తేడాను ఈ పరికరం తనంతట తానే సరిచేసుకుంటుందని పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉన్నా, ఆ సర్దుబాటు 10 నుంచి 30 డిగ్రీల వరకేనని లోపలి కాగితంలో చిన్న అక్షరాలతో ఉంది. మార్చి మధ్యాహ్నం తోటలో కొలిచిన రసాన్నే ఇంట్లో నీడకు పెట్టి, పరికరమూ చల్లబడ్డాక మళ్లీ కొలిస్తే దాదాపు ఒక బ్రిక్స్ ఎక్కువ చూపింది. అందుకని పొద్దు పొడవకముందే కొలుస్తున్నాను. ఒక్క పండుతో తేల్చుకోవడమూ తప్పే, ఎందుకంటే గుత్తి పైభాగంలోని పండ్లు కొసన ఉన్నవాటికంటే తియ్యగా ఉంటాయి. ఇరవై గుత్తుల నుంచి పైనా నడుమా కొసా పండ్లు తీసి, గుడ్డలో కలిపి పిండాలి.

బ్రిక్స్ పక్కన ఎక్స్‌లే అనే ఇంకో వరుస అంకెలున్నాయి. అది జర్మనీ వైన్ రైతుల కొలత: లీటరు ద్రాక్షరసం లీటరు నీటికంటే ఎన్ని గ్రాములు ఎక్కువ తూగుతుందో చెబుతుంది, మన 18 అక్కడ 74కు దగ్గర. మోజెల్ నది లోయ వంటి చలి ప్రాంతంలో పలకరాళ్ల వాలులు పగటి వేడిని దాచి రాత్రి తీగలకు అందిస్తే తప్ప రీస్లింగ్ ద్రాక్ష సరిగా పండదు. అక్టోబరు, కొన్నేళ్లు నవంబరు దాకా కూడా ఒక్కొక్క అంకె కోసం ఎదురుచూస్తారు, వైన్ తరగతిని నిర్ణయించేదీ ఆ అంకెలే. చలికి పులుపు కరగదు కాబట్టి వాళ్లకు కొరత చక్కెరదే. ఇక్కడ దానికి తలకిందులు: చక్కెర దానంతటదే ఎక్కుతుంది, వేడికి పులుపునిచ్చే మాలిక్ ఆమ్లం త్వరగా తరిగిపోతుంది. వైన్ కోసం పెంచేవారైతే ఇక్కడ పులుపు పోకముందే కోయాలి.

ఆ పులుపును మాత్రం ఈ పరికరం కొలవలేదు. 18 చూపించి వ్యాపారిని ఒప్పించబోయిన రోజున నేనే రెండు పండ్లు తిని చూశాను. అతని నాలుక అబద్ధమాడలేదు.

మూత కీలు మూడో నెలలో విరిగింది, రబ్బరు బ్యాండుతో నడుపుతున్నాను. ఈ ధరకు ఇంతకంటే గట్టి వస్తువు ఆశించలేను గానీ, తోట ఉన్నవారు కొనవచ్చు. స్కేలు 0 నుంచి 32 వరకు ఉన్నదే ఎంచుకోండి. తేనె కోసం చేసినవి 58 దగ్గర మొదలవుతాయి, ద్రాక్షరసానికి వాటిలో గీతే కనబడదు.