నాన్నగారు గోడలు చూసిన ఇన్: సవానాలో మూడు రాత్రులు

మార్చి మొదటి వారంలో నాన్నగారిని తీసుకుని అట్లాంటా నుంచి జార్జియా తీరంలోని సవానా వెళ్లాను. కారులో నాలుగు గంటలు. మేకన్ ఊరు దాటి ఐ-16 హైవే ఎక్కాక రెండు పక్కలా పైన్ చెట్లు తప్ప ఇంకేం కనబడవు. ఊళ్లో పెద్ద హోటళ్లు బోలెడున్నా, ఈసారి పాత ఇంటిని బాగుచేసి నడుపుతున్న ఇన్‌లోనే, అంటే చిన్న బసలోనే దిగాలనుకున్నాను. నాన్నగారి కోసమే. ఆర్ అండ్ బీలో ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరయిన మనిషి. అమెరికా వచ్చిన దగ్గర్నుంచి ఆయన చూసిన ఇళ్లన్నీ చెక్క ఫ్రేములు, జిప్సమ్ బోర్డులే. "గోడని గట్టిగా గుద్దితే చెయ్యి అవతలికి పోయేట్టుందమ్మా" అంటుండేవారు. ఒక్కసారైనా అసలైన ఇటుక గోడ చూపించాలని నా కోరిక.

ఇలాంటి ఇన్‌లు ఆ ఊళ్లో చాలా ఉన్నాయి. అందుకని మేం దిగినదాని పేరు కన్నా, అక్కడ ఏం బాగుంది, ఏం ఇబ్బంది, బుక్ చేసే ముందు ఏం అడగాలి అన్నదే రాస్తున్నాను.

1853లో కట్టిన మూడంతస్తుల ఇల్లు అది. వీధి మీంచి నేరుగా ఎత్తైన మెట్లు ఎక్కితే గానీ వీధి గుమ్మం రాదు. నేను లెక్కపెట్టాను, పద్నాలుగు. కింద అంతస్తులో వంటలు, పనులు. మెట్లెక్కాక దొరలు కూర్చునే హాళ్లు. ఆ ఊరి పాత ఇళ్లు చాలావరకు ఇంతే. లిఫ్ట్ లేదు. పై గదులకి మళ్లీ ఇంకో రెండు వరసల మెట్లు. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, అందుకని ముందే ఫోన్ చేసి అడిగాను. ఇన్ చూసుకునే ఆవిడ, అరవై దాటి ఉంటాయి, ఒక్క నిమిషం ఆలోచించి, "అయితే మీరు వెనక కేరేజ్ హౌస్‌లో కింది గది తీసుకోండి, ఒక్క మెట్టే" అన్నారు. కేరేజ్ హౌస్ అంటే ఒకప్పుడు గుర్రబ్బండ్లు పెట్టిన వెనకిల్లు. ఖరీదైన ముందు గదులు అంటగట్టాలని చూడలేదు. రాత్రికి 265 డాలర్లు. పన్నులు కాక, జార్జియా రాష్ట్రం హోటల్ గదికి రాత్రికి 5 డాలర్లు విడిగా వేస్తుంది, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

గది చిన్నదే. కానీ అడుగుపెట్టగానే నాన్నగారు చెప్పులు విప్పేశారు. నేల చెక్క అలాంటిది. లాంగ్‌లీఫ్ పైన్ చేవ. ముదురు తేనె రంగు, అరచేతి వెడల్పు కన్నా పెద్ద పలకలు, ఒక్కో పలక గది ఈ చివర నుంచి ఆ చివర దాకా అతుకు లేకుండా ఉంది. ఒకప్పుడు ఆగ్నేయ రాష్ట్రాల్లో ఆ అడవి తొమ్మిది కోట్ల ఎకరాల్లో ఉండేది, నరికేసి ఏ కొంచెమో మిగిల్చారు. ఆ చేవ ఇప్పుడు కావాలంటే చాలావరకు పాత గిడ్డంగులు విప్పినప్పుడు వచ్చే దూలాలే గతి.

కిటికీ దగ్గర ఆయన పావుగంట నిలబడిపోయారు. రెక్క పక్కకి కాదు, పైకి జరుగుతుంది. చట్రం రెండు పక్కలా గోడ సందులో తాళ్లకి ఇనప గుండ్లు వేలాడుతూ ఉంటాయి, రెక్క బరువూ ఆ రెండు గుండ్ల బరువూ సరిసమానం. నాన్నగారు రెండు వేళ్లతో ఎత్తి వదిలేస్తే రెక్క అక్కడే ఆగిపోయింది. మళ్లీ కిందికి, మళ్లీ పైకి. ఇలాంటి కిటికీలకి చాలాచోట్ల తాడు తెగిపోతే రంగు వేసి మూసేస్తారు, లేదా తీసేసి ప్లాస్టిక్‌వి పెడతారు. ఇక్కడ తాళ్లు మార్చి, పాత అద్దాలు అలాగే ఉంచారు. ఆ అద్దాల్లోంచి చూస్తే పెరట్లో చెట్టు కొమ్మ నీళ్లలో చూసినట్టు కొంచెం వంగి కనబడుతుంది.

ఇక గోడ. పొద్దున్నే నేను లేచేసరికి ఆయన పెరట్లో గోడ దగ్గర వంగి, ఫోన్ టార్చ్ వేసి చూస్తున్నారు. అక్కడి ఇటుకని సవానా గ్రే అంటారు. ఇక్కడి మామూలు ఇటుక కన్నా పెద్దది, బూడిదా గోధుమా కలిసిన రంగు, చేత్తో అచ్చుపోసింది కాబట్టి ఏ రెండూ ఒకేలా ఉండవు. ఆయన వేలితో ఇటుకల మధ్య సందు చూపించారు. మసక తెలుపు సున్నంలో గోరంత తెల్లటి పెచ్చులు. "ఇది సిమెంట్ కాదమ్మా, గుల్ల సున్నం. ఆ పెచ్చులు కాలని గుల్లలు. మన కోరంగి వైపు పాత ఇళ్లకి వాడేవారు." నిజమే, ఈ తీరంలో ఆల్చిప్పలు కాల్చి సున్నం చేసేవారు. తర్వాత పక్కింటి ప్రహరీ చూపించారు. అక్కడెవరో సందుల్లో సిమెంట్ కూరారు. సిమెంట్ గట్టిగా నిలిచింది, దాని చుట్టూ ఇటుకల మొహాలు పొరలు పొరలుగా రాలిపోయాయి. మెత్తటి ఇటుకకి మెత్తటి సున్నమే కావాలి, గోడలోకి వెళ్లిన తడి సందుల్లోంచి బయటికి పోవాలి, ఆ దారి సిమెంట్‌తో మూసేస్తే తడి ఇటుకనే పగలగొట్టుకుని వస్తుంది. సర్వీసులో ఎన్ని పాత బంగళాలకి ఇదే గతి పట్టిందో ఆయన చెబుతుంటే, కాఫీ కప్పుతో వచ్చిన ఆ ఇన్ ఆవిడ అక్కడే ఆగిపోయి విన్నారు. మరమ్మతుకి ముందు పాత సున్నం ముక్క తీయించి, దానికి సరిపడేదే కలిపించారట. ఇంటిని ఇలా బాగుచేయించిన వాళ్లంటే నాకు గౌరవం. బాగుచేయడం అంటే పెయింట్ కొట్టి పాత ఫోటోలు తగిలించడం కాదని తెలిసినవాళ్లు.

అప్పుడే నాన్నగారు కేరేజ్ హౌస్ పైకి చూసి నన్ను అడిగారు: "కింద బండ్లు, గుర్రాలు సరే, పైన ఎవరుండేవారో అడుగు." అడిగాను. ఆవిడ తడబడలేదు, దాచలేదు. ఇంటి బానిసలు పైన ఉండేవారని చెప్పారు. ఆ గ్రే ఇటుకలు కూడా ఊరి శివార్లలో సవానా నది ఒడ్డున హెర్మిటేజ్ అనే ప్లాంటేషన్‌లో బానిసలు చేసినవేనని చెప్పారు. నాన్నగారు చాలాసేపు ఏం మాట్లాడలేదు. గోడ మీద చెయ్యి మాత్రం తీయలేదు.

నా ఫిర్యాదు ఇక్కడే. గదిలో పెట్టిన కరపత్రంలో హాల్లో పాలరాయి ఏ దేశం నుంచి వచ్చిందో ఉంది, షాండ్లియర్ సంగతి ఉంది, మా గది గురించి "ఒకప్పుడు గుర్రబ్బండ్లు నిలిపిన చోటు" అని ఉంది. పైన బతికిన మనుషుల మాట ఒక్క ముక్క లేదు. అడిగితే ఇంత చక్కగా చెప్పే ఆవిడ ఉన్నప్పుడు రాయడానికి అడ్డేమిటి? చెకౌట్ కార్డు మీద అదే రాసిచ్చాను.

ఆవిడే మమ్మల్ని ఓవెన్స్-థామస్ హౌస్‌కి పంపించారు. 1819లో విలియం జే కట్టిన ఇల్లు, నడిచి వెళ్లొచ్చు. అక్కడ టూర్ వెనక కేరేజ్ హౌస్ దగ్గర, బానిసలున్న గదుల్లోంచే మొదలవుతుంది. పైకప్పు దూలాల మీద వెలిసిన నీలం రంగు ఇంకా ఉంది. దుష్టశక్తులు రాకుండా వేసే రంగు, గల్లా గీచీ వాళ్ల నమ్మకం, అంటే ఈ తీరంలో బానిసలుగా బతికిన ఆఫ్రికన్ల సంతతి. మా ఇన్ వెనక వసారా కప్పుకీ అదే నీలం, కానీ కారణం ఈ గదిలో నిలబడ్డాకే మాకు అర్థమైంది. అప్పటి బ్రిటిష్ జార్జియా కాలనీలో 1735లో బానిసత్వాన్ని నిషేధించారు, 1751లో ఆ నిషేధం ఎత్తేశారు. గైడ్ ఆ మాట చెప్పగానే నాన్నగారు నా వైపు తిరిగి, "అంటే తెలిసే చేశారన్నమాట" అన్నారు.

టిఫిన్ సంగతి. ఉదయం ఎనిమిది నుంచి పది దాకా, ముందు ఇంటి హాల్లో. మేం శాకాహారులం అని ముందే రాశాను, నాన్నగారు గుడ్డు కూడా తినరు. మొదటి రోజు క్విష్ అనే ఒక రకం పై పెట్టారు, అందులో గుడ్డూ ఉంది, బేకనూ ఉంది. చెప్పగానే క్షమించమని అడిగి, వంటావిడ స్వయంగా బయటికొచ్చి ఏమేం తింటారో రాసుకున్నారు. తర్వాత రెండు రోజులూ గ్రిట్స్ వేడివేడిగా, వెన్నతో. మొక్కజొన్న రవ్వని పలచటి ఉప్మాలా ఉడికించినట్టుంటుంది. నాన్నగారు సంచిలోంచి మాగాయ తీశారు. గ్రిట్స్‌లో మాగాయ ఎంత బాగుంటుందో చెప్పలేను, ఇంట్లో ఇప్పుడు అదే చేసుకుంటున్నాం. బిస్కెట్లలో (ఇక్కడ బిస్కెట్ అంటే మెత్తటి చిన్న రొట్టె) పందికొవ్వు వేస్తారేమో అడిగి తెలుసుకోండి. వీళ్లు వెన్నే వాడతారు. బయట తినేటప్పుడు కాలర్డ్ ఆకుకూర చూసి ఆర్డర్ చేసేయకండి, మామూలుగా పంది మాంసం వేసి ఉడికిస్తారు.

సాయంత్రం అయిదింటికి వైన్, చీజ్ ఉచితం. గదిలో కెటిల్ లేదు. నాన్నగారికి టీ కావాలంటే పది నిమిషాల్లో తెచ్చిపెట్టారు.

స్నానాల గది మాత్రం నాకు టెన్షన్ పెట్టింది. పాతకాలపు ఇనప తొట్టి, కాళ్లున్నది. చూడ్డానికి అందమే, కానీ గట్టు నా మోకాలి పైదాకా ఉంది. మెట్లెక్కలేని మనిషికి ఇచ్చే గదిలో అలాంటి తొట్టి పెట్టకూడదు. రబ్బరు చాప, స్టూలు ఇచ్చారు నిజమే, అయినా మూడు రోజులూ తలుపు బయట నిలబడే ఉన్నాను. గోడకి పట్టుకునే కడ్డీ లేదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు "కింది గది" అని అడిగి ఊరుకోకండి, "గట్టు దాటక్కర్లేకుండా నేరుగా అడుగుపెట్టే షవర్ ఉందా" అని కూడా అడగండి.

ఊరు మోకాళ్లకి మంచిది. 1733లో కాలనీ స్థాపకుడు ఓగల్‌థార్ప్ గీసిన ప్లాన్. నలభై ఇళ్ల స్థలాలకో చౌకు (స్క్వేర్), చౌకులో చెట్లు, బెంచీలు. ఇరవై నాలుగు చౌకులుండేవి, ఇరవై రెండు మిగిలాయి. రెండు వీధులు నడిస్తే కూర్చోవడానికి నీడ దొరుకుతుంది, ఓక్ కొమ్మల నుంచి నెరిసిన గడ్డంలా స్పానిష్ మాస్ అనే మొక్క వేలాడుతుంటుంది. 1954లో పార్కింగ్ గ్యారేజ్ కోసం పాత సిటీ మార్కెట్ కూలగొట్టారు. మరుసటి ఏడు 1820 నాటి డేవెన్‌పోర్ట్ ఇల్లు కూడా కార్లు పెట్టుకునే స్థలం కావాల్సింది, ఏడుగురు ఆడవాళ్లు కలిసి 22,500 డాలర్లకి కొని ఆపారు. ఆ రోజుల్లో ఇటుకల కోసమే ఇళ్లు పడగొట్టేవారట. ఆ ఇంటి ముందు నాన్నగారితో ఒక ఫోటో తీశాను, ఆయన కెమెరా వైపు కాకుండా గోడ వైపు చూస్తున్నారు.

మళ్లీ వెళ్తానా అంటే, వెళ్తాను, అక్కడికే. మార్చి 17 దగ్గర్లో మాత్రం వద్దు, సెయింట్ పాట్రిక్స్ డే జనంతో ఊరు కిటకిటలాడుతుంది, రేట్లు మండిపోతాయి. ఇన్‌కి సొంత పార్కింగ్ లేదు, వీధిలోనే పెట్టుకోవాలి. వారంలో ఒక రోజు ఒక్కో పక్కన వీధి ఊడుస్తారు, ఏ రోజో స్తంభం మీద బోర్డు ఉంటుంది. రాత్రి కారు పెట్టేటప్పుడే అది చదువుకోండి, లేకపోతే పొద్దున్నకి అద్దం మీద టికెట్ ఉంటుంది.