లీచెస్ రివ్యూ: కొత్తవాళ్లను ముదుర్ల నుంచి ఎంతవరకు కాపాడుతుంది?

ఆన్‌లైన్‌లో చెస్ ఆడే సైటు లీచెస్ ఉచితం, ప్రకటనలు ఉండవు, 2010లో మొదలైంది, ఫ్రాన్స్‌లో నమోదైన లాభాపేక్ష లేని సంస్థ విరాళాలతో నడుపుతోంది. ఈ సంగతులు ఎక్కడైనా దొరుకుతాయి. ఇక్కడ చూసేది ఒక్కటే: పావులు ఎలా కదులుతాయో మాత్రమే తెలిసిన మనిషి ఇవాళ ఖాతా తెరిస్తే, ఆరితేరినవాళ్లు అతన్ని వాయించకుండా ఈ సైటు ఏ మేరకు అడ్డుపడుతుంది? అర్జున్ ఇరిగేశినో గుకేశ్‌నో చూసి పిల్లలకు ఫోన్ ఇచ్చి కూర్చోబెడుతున్న ఇళ్లలో ఈ ప్రశ్న ఎవరూ అడగరు. పిల్లాడు రెండు రోజుల్లో "నాకు చెస్ రాదు" అని తేల్చేసుకున్నాకే గుర్తొస్తుంది.

తీర్పు ముందే: దొంగాట పట్టుకోవడంలో బాగుంది. వేధింపులకు తాళాలు చాలా ఉన్నాయి, అయితే చాలావాటిని మీరే వేసుకోవాలి. మొదటి ఇరవై ఆటల దగ్గర మాత్రం కొత్తవాళ్లకు పెద్దగా రక్షణ లేదు.

ఆ ఇరవై ఆటల సంగతి వివరంగా చెప్పాలి. కొత్త ఖాతాకు రేటింగ్, అంటే ఆటగాడి బలం చెప్పే అంకె, 1500, పక్కన ప్రశ్నార్థకం. నిన్నగాక మొన్న నేర్చుకున్నవాళ్లకు 1500 చాలా ఎక్కువ. ఆ స్థాయిలో ఆడేవాళ్లు ఫోర్కు (ఒకే పావుతో రెండింటి మీద దాడి), పిన్ను (వెనక ఉన్న పెద్ద పావు కోసం ముందున్నది కదలలేకపోవడం) చూడగలరు, పావును ఊరికే వదిలేయరు. లీచెస్ వాడేది గ్లికో-2 లెక్క. ఇందులో రేటింగ్‌తో పాటు "ఈ అంకెను ఎంత నమ్మొచ్చు" అని చెప్పే ఇంకో అంకె ఉంటుంది. కొత్త ఖాతాకు అది 500. ఆడేకొద్దీ తగ్గుతుంది, 110కి దిగాక ప్రశ్నార్థకం పోతుంది. నమ్మకం తక్కువ కాబట్టి మొదటి ఓటములకు పాయింట్లు వందల్లో ఎగిరిపోతాయి. 1500 దగ్గర స్థిరపడ్డ ఆటగాడి చేతిలో మొదటి ఆట ఓడితే రెండొందల పైచిలుకు పోవడం మామూలే. లెక్క ప్రకారం ఇది మంచిదే, అసలు స్థాయికి త్వరగా దింపుతుంది. కానీ దిగే దారిలో ఉన్నవన్నీ ఓటములే. ఇది ముందే తెలియని మనిషికి సైటు తనను పనిగట్టుకుని తొక్కుతున్నట్టు అనిపిస్తుంది.

ఇదే లెక్కలో కొత్తవాళ్లకు ఉపయోగపడే మెలిక ఒకటి ఉంది, దీన్ని పెద్దగా ఎవరూ గమనించరు. మీ అంకె మీద నమ్మకం తక్కువ గనక, మిమ్మల్ని కొట్టినవాడికి వచ్చే పాయింట్లు కూడా తక్కువే. అదే రేటింగ్‌లో స్థిరపడ్డవాణ్ని కొడితే వచ్చేదానిలో దాదాపు సగం. అంటే కొత్త ఖాతాలను ఏరుకుని కొట్టి రేటింగ్ పెంచుకోవడం గిట్టుబాటు వ్యవహారం కాదు. వలవేసి కొత్తవాళ్లను దోచుకోవడమే బతుకుతెరువైన ఆన్‌లైన్ యుద్ధాల గేముల పక్కన పెట్టి చూస్తే ఇది గట్టి కట్టడి.

రెండో మెలిక చికాకు పెట్టేది. మీరే సమయం, షరతులు ఎంచుకుని ఆట పెట్టే కస్టమ్ పేజీలో ప్రత్యర్థి రేటింగ్ పరిధిని తగ్గించే, పెంచే స్లైడర్లు ఉంటాయి, అటు 500 ఇటు 500 దాకా. ప్రశ్నార్థకం పోయేదాకా అవి పనిచేయవు. ఎందుకో ఊహించడం కష్టం కాదు: కొత్త ఖాతా తెరిచిన ఘనుడు బలహీనులను వెతికి పట్టుకోకుండా. ఉద్దేశం మంచిదే, కానీ దాని దెబ్బ నిజమైన కొత్తవాడికీ తగులుతోంది. "నాకంటే తక్కువవాళ్లు కావాలి" అని చెప్పే మార్గం, అది అత్యవసరమైన రోజుల్లోనే మూసి ఉంది.

కాబట్టి ఆ రోజులను దాటే పద్ధతి మీరే పెట్టుకోవాలి. ముందు స్టాక్‌ఫిష్ కంప్యూటర్‌తో ఆడండి. ఎనిమిది స్థాయిలున్నాయి, మొదటి రెండూ పావులను ఊరికే పారేస్తాయి. మూడో స్థాయిని తరచూ గెలుస్తున్నారంటే మనుషులతో ఆడటానికి సిద్ధమే. మనిషిలా తప్పులు చేసే ప్రత్యర్థి కావాలంటే మైయా1 అనే బాట్‌కు సవాలు పంపండి. సుమారు 1100 రేటింగ్ మనుషుల ఆటల నుంచి నేర్చుకున్నది గనక దాని పొరపాట్లు మన పొరపాట్లలాగే ఉంటాయి. తర్వాత కొన్ని క్యాజువల్ ఆటలు, అంటే రేటింగ్ కదలనివి. రేటెడ్ ఆటలు ఆ తర్వాతే. అప్పుడు కూడా ఆటగాళ్లు పెట్టిన ఆటలు అందరికీ కనబడే లాబీ జాబితాలోకి వెళ్లకండి. మీ రేటింగ్, ప్రశ్నార్థకం చూసి ఎవరైనా వచ్చి మీ ఆటను ఎత్తుకోవచ్చు. క్విక్ పెయిరింగ్ గళ్లలో ఒకటి నొక్కితే జోడీ కలిపేది సైటే.

ఏ గడి నొక్కాలన్నదీ ముఖ్యమే. లీచెస్‌లో ఒక్కో వేగానికి ఒక్కో రేటింగ్. మొదట ఇచ్చే సమయానికి, ఎత్తుకు అదనంగా కలిసే సెకన్లను నలభైతో హెచ్చించి కలుపుతారు. మొత్తం 3 నిమిషాల లోపైతే బుల్లెట్, 8 లోపు బ్లిట్జ్, 25 లోపు ర్యాపిడ్, ఆపైన క్లాసికల్. అరనిమిషం లోపు అల్ట్రాబుల్లెట్ కూడా ఉంది, దాన్ని పేరుతోనే మరిచిపోండి. ఈ విభజనలో ఒక కంత ఉంది. బ్లిట్జ్‌లో 2200 ఉన్న మనిషి క్లాసికల్ ఎప్పుడూ ఆడకపోతే అక్కడ అతనూ ప్రశ్నార్థకంతో 1500. మోసం కాదు, నియమం ప్రకారమే మీకు ఎదురవుతాడు, పాతిక ఎత్తుల్లో పని ముగిస్తాడు. అందుకే క్లాసికల్ 30+0 (ముప్పై నిమిషాలు, ఎత్తుకు అదనపు సెకన్లు సున్నా) "తీరిగ్గా ఆలోచించొచ్చు" అనిపించినా కొత్తవాళ్లకు మంచి ఎంపిక కాదు, అక్కడ ఆడేవాళ్లు తక్కువ. ర్యాపిడ్‌లో 10+5 లేదా 15+10 సరైనవి. ఆటకు ముందు ప్రత్యర్థి పేరు మీద కర్సర్ పెడితే మిగతా విభాగాల రేటింగ్‌లు కనిపిస్తాయి.

ఆ అదనపు సెకన్లకు ఇంకో కారణం ఉంది. గడియారంతో కొట్టడం ముదుర్ల పాత విద్య. ఓడిపోయే స్థితిలో ఉన్నవాడు అర్థంపర్థం లేని ఎత్తులను వేగంగా విసురుతూ మీ సమయం కరిగిస్తాడు. లీచెస్ ఇక్కడ ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే నియమాన్ని పాటిస్తుంది: మీ సమయం అయిపోయినా అవతల ఒంటరి రాజు మాత్రమే ఉంటే డ్రా. కానీ అతనికి ఒక్క బంటు మిగిలినా మీరు ఓడినట్టే. 3+0, 5+0లలో ఈ రకం ఓటములు రోజూ చూడొచ్చు. 10+0లో జోడీ త్వరగా దొరుకుతుంది, అయినా చివర్లో ఇదే తలనొప్పి.

ఇక వేషం మార్చినవాళ్లు. బలమైనవాడు కావాలని ఓడి రేటింగ్ దించుకుని కింది స్థాయిలో గెలవడాన్ని శాండ్‌బ్యాగింగ్ అంటారు. రేటింగ్ పరిమితి ఉన్న ఎరీనా టోర్నమెంట్లు వీళ్లకు మంచి మేత కావాలి, కానీ లీచెస్ తలుపు గట్టిగా కట్టింది. 1500 లోపువాళ్లకు అన్న టోర్నమెంట్లో చేరాలంటే ఇవాళ్టి రేటింగ్ చూడరు, గత వారంలో మీరు చేరిన అత్యధిక రేటింగ్ చూస్తారు. ప్రశ్నార్థకం ఉన్న ఖాతాలను రానివ్వరు. ఆ విభాగంలో ఇన్ని రేటెడ్ ఆటలు ఆడి ఉండాలన్న షరతూ ఉంటుంది, సాధారణంగా 20. నిన్న రాత్రి పది ఆటలు ఓడి ఇవాళ పొద్దున్న కప్పు కొట్టుకుపోవడం కుదరదు. కొత్తవాళ్లకు లీచెస్‌లో అన్నిటికంటే న్యాయమైన చోటు ఈ పరిమితి టోర్నమెంట్లే. ప్రశ్నార్థకం పోగానే వెళ్లాల్సింది అక్కడికే.

మామూలు ఆటల్లో కాపలా ఇంత గట్టిగా లేదు. అతి తక్కువ ఎత్తుల్లో పదేపదే ఓడే ఖాతాలకు సైటు తనంతట తానే హెచ్చరిక పంపుతుంది. రెండో ఖాతా పెట్టుకోవడం మీద మాత్రం పూర్తి నిషేధం లేదు, ఇష్టపడరు అంతే. ఇది ఈ సైటు మెతకదనం. అనుమానం వస్తే ప్రత్యర్థి ప్రొఫైల్‌లో మూడు చూడండి: నాలుగైదు ఎత్తులకే రిజైన్ చేసిన (ఓటమి ఒప్పేసుకున్న) ఓటముల మధ్య పొడవాటి సులువు గెలుపులు, రంపం పళ్లలా ఎగిరిపడే రేటింగ్ గ్రాఫు, ఆట రేటింగ్ వెయ్యి ఉండగా పజిల్ రేటింగ్ 2400. మూడూ కలిస్తే జెండా గుర్తు నొక్కి ఫిర్యాదు చేయండి, రెండు మూడు ఆటల లింకులు ఇవ్వండి. ఒక్క ఆట చూపించి "వీడు దొంగ" అంటే ఎవరూ ఏమీ చేయలేరు.

ఇంజిన్, అంటే చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రామ్, సాయంతో ఆడేవాళ్లను పట్టడానికి ఇర్విన్, కలదిన్ అనే పరికరాలు, వాటి వెనక మనుషులు ఉన్నారు. పట్టుబడ్డ ఖాతా మీద నియమాలు ఉల్లంఘించిందన్న ముద్ర అందరికీ కనబడుతుంది, ఈమధ్య వాళ్ల చేతిలో పోగొట్టుకున్న పాయింట్లు పరిమితికి లోబడి వెనక్కి వస్తాయి. మీరుగా పసిగట్టాలంటే ఆట విశ్లేషణలో ఎత్తుకు పట్టిన సమయాల గ్రాఫు చూడండి. ఎదురుగా ఉన్న పావును తిరిగి తినడానికీ, తల బద్దలయ్యే ఎత్తుకూ ఒకేలా ఐదారు సెకన్లు తీసుకుంటే తేడా ఉన్నట్టే. ఖచ్చితత్వం 95 శాతం కనబడింది కదా అని నిర్ణయానికి రాకండి. మీరు పదో ఎత్తులో క్వీన్ వదిలేస్తే ఎవరి ఆటైనా అంత బాగానే కనబడుతుంది.

కొత్తవాళ్ల ఓటముల్లో మోసం కన్నా ఓపెనింగ్ ఉచ్చుల వాటా చాలా పెద్దది. ఇందులో సైటు అడ్డుపడదు, పడకూడదు కూడా. నాలుగెత్తుల మేట్‌లో తెల్ల క్వీన్, బిషప్ కలిసి ఎఫ్7 బంటు మీదికి వస్తాయి. బిషప్ సి4లో ఉండగా క్వీన్ హెచ్5కి రాగానే కంగారుపడి గుర్రాన్ని ఎఫ్6కి దూకిస్తే అక్కడికక్కడే మేట్. జి6 బంటు జరపాలి, క్వీన్ ఎఫ్3కి వెళ్లాకే గుర్రం ఎఫ్6. అయితే క్వీన్ రెండో ఎత్తులోనే హెచ్5కి వస్తే జి6 వెంటనే జరపొద్దు. క్వీన్ ఈ5 బంటును తింటూ చెక్ ఇస్తుంది, మూల ఏనుగూ పోతుంది. ముందు గుర్రాన్ని సి6కి తెచ్చి ఈ5కి కాపు పెట్టాలి. చాలామంది జవాబు బట్టీ పట్టి, క్రమం తప్పి ఓడేది ఇక్కడే. స్టాఫర్డ్ గాంబిట్ ఇంకా తియ్యని ఉచ్చు: నల్లవాళ్లు ఈ5 బంటు వదిలేస్తారు, గుర్రాలు మారాక మీరు డి3 జరిపి, బిషప్‌ను జి5కి తెచ్చి గుర్రాన్ని పిన్ చేశామనుకుంటారు. ఆ గుర్రం కదిలి ఈ4 బంటు తింటుంది. మీరు ఆశపడి క్వీన్‌ను తింటే ఎఫ్2లో నల్ల బిషప్ చెక్, రాజు ఈ2కి, జి4లో రెండో బిషప్‌తో మేట్. బిషప్‌ను జి5కి కాకుండా ఈ2కి తెస్తే సగం విషం దిగిపోతుంది.

ఇలాంటి దెబ్బ తిన్న ఆటకు కంప్యూటర్ విశ్లేషణ అడిగితే "తప్పుల నుంచి నేర్చుకోండి" అన్న బటన్ వస్తుంది, అదే స్థితిని ముందు పెట్టి సరైన ఎత్తు మీ చేత ఆడిస్తుంది. ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్‌లో రేటింగ్ గుంపులను 1000, 1200కి పరిమితం చేస్తే ఆ స్థాయిలో ఎదురయ్యే ఉచ్చులే కనబడతాయి. ఇదంతా డబ్బు అడగకుండానే ఇవ్వడం లీచెస్ అసలు బలం. పజిళ్లూ 1500తోనే మొదలవుతాయి గనక, కఠినత్వం దగ్గర అన్నిటికంటే సులువైనది ఎంచుకోండి. మీ రేటింగ్ కన్నా 600 తక్కువ పజిళ్లు వస్తాయి.

ఇక తాళాలు. ప్రిఫరెన్సెస్‌లో ప్రైవసీ కింద "ఇతరులు సవాలు చేయవచ్చా" అన్నదానికి రేటింగ్ తేడా 300 లోపువాళ్లు మాత్రమే అన్న ఎంపిక ఉంది. ప్రశ్నార్థకం పోయాక అదే పెట్టండి, అంతకుముందు స్నేహితులకు మాత్రమే. సందేశాలూ స్నేహితులకే. ఆట ప్రవర్తన కింద టేక్‌బ్యాక్‌ను క్యాజువల్ ఆటలకు మాత్రమే ఉంచండి. రేటెడ్ ఆటలో క్వీన్ పోగొట్టుకున్నవాడు వెనక్కి తీసుకుంటానని అడిగితే మొహమాటానికి సరేనని నొక్కేవాళ్లు ఎక్కువ, అడిగేవాళ్లకు ఆ సంగతి తెలుసు. రిజైన్, డ్రాలకు నిర్ధారణ అడిగేలా పెట్టుకోండి. ఎదుటి రేటింగ్ చూస్తేనే చేతులు వణికేవాళ్లు ఆటలో జెడ్ కీ నొక్కితే జెన్ మోడ్ వస్తుంది, రేటింగ్‌లు, చాట్ మాయం. పిల్లల ఖాతాలో కిడ్ మోడ్ ఒక్కటి వేస్తే సైటులోని సంభాషణలన్నీ ఒకేసారి మూతపడతాయి. రివ్యూలో దీనికి పూర్తి మార్కులు.

చెస్.కామ్‌తో పోలిస్తే? అక్కడ చేరేటప్పుడే మీ స్థాయి అడుగుతారు. కొత్త అని చెబితే 400 దగ్గర మొదలు, కాబట్టి మొదటి వారం నొప్పి తక్కువ. రెండో ఖాతాల విషయంలోనూ కఠినం. కానీ విశ్లేషణ, పజిళ్లు ఉచితంగా కొంతవరకే. రోజుకు ఒకటి రెండు ఆటలు సరదాగా ఆడే పెద్దవాళ్లకు అక్కడ మొదలుపెట్టడం సుఖం. నేర్చుకోవాలనే పట్టుదల ఉన్న పిల్లలకు, పక్కన కూర్చుని పైన చెప్పిన సెట్టింగులు మార్చిపెట్టే పెద్దలు ఉంటే, లీచెస్.