పాత కట్టడం, కొత్త పెయింట్: అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి

చారిత్రక ప్రాంతంలో, రినోవేట్ చేసిన విశాలమైన ఫ్లాట్ అద్దెకు దొరికిందని సంబరపడుతున్నవాళ్లు దయచేసి అడ్వాన్స్ ఇవ్వకముందే ఇది చదవండి. మేం అలాంటి ఇంట్లో దిగి, ఏడాది అగ్రిమెంట్ పూర్తికాకుండానే ఖాళీ చేయాల్సి వచ్చింది. పైగా గోడలు పాడుచేశామంటూ ఓనర్ మా అడ్వాన్స్‌లోంచి పెయింటింగ్ ఖర్చు కోసుకున్నాడు.

ఎత్తైన పైకప్పు, పెద్ద కిటికీలు, వెడల్పాటి హాలు, అన్నీ ఫొటోల్లో ఉన్నట్టే ఉన్నాయి. పని మాత్రం కంటికి కనబడే చోటే చేశారు.

వానలు మొదలయ్యాక బెడ్‌రూమ్‌లో బీరువా వెనక పెయింట్ బుడగలుగా ఉబ్బింది. గోటితో గీకితే తెల్లటి పొడి రాలింది, దాని కింద ప్లాస్టరింగ్ తడితడిగా ఉంది. మేస్త్రీని పిలిపిస్తే సంగతి చెప్పాడు. పాతకాలపు గోడలు ఇటుక, సున్నంతో కట్టినవి. అవి తేమను పీల్చుకుంటాయి, మళ్లీ వదిలేస్తాయి. వాటి మీద సిమెంట్ పూసి, ప్లాస్టిక్ పెయింట్ వేస్తే తేమ బయటికి వచ్చే దారి మూసుకుపోతుంది. లోపలే ఉండిపోయి ఉప్పుతో సహా పెయింట్‌ను నెట్టుకొస్తుంది. ఆ ముక్కిపోయిన వాసనే పిల్లలకు దగ్గు తగ్గనివ్వలేదు. మళ్లీ రంగు వేసినంత మాత్రాన ఇది పోదు, ఎవరైనా పోతుందని చెబితే నమ్మకండి.

కరెంటు సంగతి ఇంకా భయపెట్టింది. స్విచ్‌బోర్డులన్నీ తళతళలాడుతున్నాయి. గీజర్ వేసినప్పుడల్లా ఒక ప్లగ్ దగ్గర ప్లేటు వేడెక్కుతుంటే ఎలక్ట్రీషియన్‌తో విప్పించాం. లోపల గుడ్డ చుట్టిన పాత రబ్బరు వైర్లు, ముట్టుకుంటే పొడి రాలుతోంది. మూడు పిన్నుల సాకెట్‌కు ఎర్త్ వైరే లేదు! ఆ రోజు నుంచి ఆ గీజర్ వాడలేదు.

నీళ్ల పైపులదీ అదే కథ. కుళాయిలు కొత్తవి, గోడలో పాత ఇనప పైపులు. పొద్దున మొదట వచ్చే నీళ్లు తుప్పు రంగులో ఉండేవి, వంటింట్లో కుళాయి తిప్పితే షవర్ సన్నగా అయిపోయేది.

ఓనర్‌ది ఒకటే మాట: పాత బిల్డింగ్ అన్నాక ఇవి మామూలే. కిటికీ చెక్క కుళ్లిపోయి వాన లోపలికి కొడుతోందంటే, హెరిటేజ్ కట్టడం, పర్మిషన్ లేకుండా ముట్టుకోకూడదన్నాడు. రక్షిత కట్టడాల్లో బయటి రూపం మార్చాలంటే చాలా చోట్ల అనుమతి కావాల్సిందే, అది నిజం. అలాంటప్పుడు ఆ మాట ఇల్లు చూపించే రోజే చెప్పాలి కదా.

ఇల్లు చూడ్డానికి వీలైతే వాన పడ్డ మర్నాడు వెళ్లండి. గోడల్ని వేళ్లతో తట్టండి, డొల్ల శబ్దం వస్తే ప్లాస్టర్ గోడను వదిలేసినట్టే. బీరువాల వెనక, సింక్ కింద టార్చ్ వేసి చూడండి. కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి చూడండి. సాకెట్ టెస్టర్ చిన్న వస్తువే, వెంట తీసుకెళ్తే ఎర్త్ ఉందో లేదో అక్కడే తేలిపోతుంది. వైరింగ్, పైపులు మార్చారని నోటితో చెబితే ఒప్పుకోకండి, బిల్లు అడగండి. కింది ఫ్లాట్‌వాళ్లతో రెండు నిమిషాలు మాట్లాడితే ఓనర్ చెప్పనివి చాలా తెలుస్తాయి.

చిన్నపిల్లలున్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. పాత ఇళ్ల తలుపులు, కిటికీల మీద సీసం కలిసిన పెయింట్ ఉండే అవకాశం ఉంది. దాన్ని గీకినప్పుడు లేచే దుమ్ము పిల్లల మెదడుకు హాని చేస్తుంది. సీసం ఇంత మోతాదు వరకు ఫర్వాలేదనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పెచ్చులూడుతున్న చోట పిల్లల్ని పడుకోబెట్టకండి.

దిగేముందు ప్రతి గోడకూ, సీలింగ్‌కూ తేదీతో ఫొటోలు తీసి ఓనర్‌కు పంపండి. చెమ్మ, వైరింగ్, పైపుల రిపేర్లు ఎవరి ఖర్చో, ఎన్ని రోజుల్లో చేయాలో అగ్రిమెంట్‌లో రాయించండి. రాయడానికి వెనకాడే ఓనరైతే ఆ హాలు ఎంత పెద్దదైనా వదిలేసి ఇంకో ఇల్లు చూసుకోండి.