48 అడుగుల ఫ్లాట్‌బెడ్‌తో ఏడేళ్లు: సొంత ట్రక్కు నడిపే డ్రైవరు సమీక్ష

సొంత ట్రక్కు కొన్న మరుసటి ఏడాది, అంటే 2018 వసంతంలో, 48 అడుగుల పూర్తి అల్యూమినియం ఫ్లాట్‌బెడ్ ట్రైలర్, అంటే గోడలూ కప్పూ లేని చదునైన ట్రైలర్, ఒకటి కొన్నాను. మొదటి మూడేళ్లు ఒక రవాణా సంస్థకు లీజులో, ఆ తర్వాత సొంత అథారిటీ (నా పేరు మీదే సరుకు రవాణా చేసుకునే ప్రభుత్వ అనుమతి) మీద, అమెరికాలోని ఇండియానా, ఒహాయో వైపు ఉక్కు మిల్లులకూ టెక్సాస్, జార్జియా వంటి దక్షిణాది రాష్ట్రాలకూ మధ్య కాయిళ్లు (ఉక్కు రేకు చుట్టలు), కలప, పైపులు, యంత్రాలు దీని మీదే మోశాను. ఈ సమీక్ష ట్రైలర్ గురించీ, దానితో సాగే సంపాదన గురించీ కూడా. ఆ రెండింటినీ విడదీసి చెప్పలేను, ఎందుకంటే ట్రైలర్‌లోని ప్రతి మంచీ చెడూ వారం తిరిగేసరికి లెక్కల పుస్తకంలో డాలర్లుగా తేలుతుంది. నా అభిప్రాయం ముందే చెబుతాను. దీనితో ఒక కుటుంబం గౌరవంగా బతకవచ్చు. అయితే మూసిన పెట్టె ట్రైలర్ కన్నా ఫ్లాట్‌బెడ్‌కు కాస్త ఎక్కువగా పలికే కిరాయి, కిందికి దిగి చేసే చాకిరీకి ఇచ్చే కూలి. ఆ చాకిరీకి పట్టే గంటలను లెక్కలో వేసుకోనివారు మైలుకు మంచి రేటు వచ్చిందని మురిసిపోయి, నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలక దిగులుపడటం నేను చాలాసార్లు చూశాను.

అల్యూమినియం ఎంచుకోవడానికి కారణం బరువు. ఫెడరల్ చట్టం ప్రకారం ట్రక్కు, ట్రైలర్, సరుకు కలిపి 80,000 పౌండ్లు మించకూడదు. నా ట్రైలర్ ఖాళీ బరువు 10,000 పౌండ్లకు కొద్దిగా లోపే ఉంటుంది కాబట్టి గొలుసులు, టార్పాలిన్లు, నిండు డీజిల్ ట్యాంకులు పోను 48,000 పౌండ్ల సరుకు నిశ్చింతగా ఎత్తుకోగలను. ఉక్కు ఫ్రేము ట్రైలర్లు లాగే తోటి డ్రైవర్లు వదులుకోవలసి వచ్చిన లోడ్లు ఈ ఒక్క తేడా వల్ల నాకు చాలా దొరికాయి. వెనుక యాక్సిళ్ల (చక్రాల ఇరుసుల) మధ్య పదడుగుల ఎడం ఉండటం ఇంకో లాభం. దగ్గరదగ్గరగా ఉన్న జంట యాక్సిళ్ల మీద 34,000 పౌండ్ల వరకే అనుమతి ఉంటే, ఈ అమరికలో ఒక్కొక్క యాక్సిల్‌కు 20,000 చొప్పున మొత్తం 40,000 వరకు చెల్లుతుంది. క్రేన్ నడిపేవాడు సరుకును ఒక అడుగు వెనక్కి దించినా తూకపు కేంద్రం దగ్గర గుండె దడదడలాడదు. దీనికి మూల్యం టైర్లు చెల్లిస్తాయి. ఇరుకు యార్డులో మలుపు తిప్పినప్పుడల్లా ట్రైలర్ ముందు యాక్సిల్ టైర్లు నేలను రాసుకుంటూ పక్కకు ఈడ్చుకుపోతాయి, వేసవిలో మెత్తబడిన తారు మీద ఆ నల్లటి చారలు స్పష్టంగా కనిపిస్తాయి.

అల్యూమినియం లోహానికి కొన్ని గుణాలున్నాయి, కొనేముందు తెలుసుకోవాలి. ఖాళీగా ఉన్నప్పుడు డెక్కు, అంటే సరుకు పెట్టే చదును, మధ్యలో విల్లులా పైకి వంగి ఉండి, బరువు పడగానే తిన్నబడుతుంది. ఖాళీగా పరుగెత్తేటప్పుడు ఎగిరెగిరి పడుతుంది కాబట్టి పెట్టెల తాళాలు, వించ్ పట్టీలు తరచుగా చూసుకోవాలి. మంచు పట్టిన తెల్లవారుజామున ఆ డెక్కు మీద నడవడం సబ్బు రాసిన బండ మీద నడిచినట్టే. ఐదో ఏట ట్రైలర్ కడుగుతుంటే ఒక అడ్డుదూలం వెల్డింగు దగ్గర వెంట్రుకంత సన్నని పగులు కంటబడింది. అల్యూమినియం అతకడం చేతనైనవారు ఊరికొకరు దొరకరు, అందుకని రెండు రోజుల పని పోయింది. అప్పటి నుంచి మూడు నెలలకోసారి టార్చిలైటు పట్టుకుని ట్రైలర్ కిందికి దూరి ప్రతి అతుకూ చూస్తున్నాను. మేకులు కొట్టుకోవడానికి డెక్కులో బిగించిన చెక్క పట్టీలను ఒకసారి మార్చాను.

కాయిల్ లోడు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఈ వృత్తి అంటే ఏమిటో అక్కడే తెలుస్తుంది. ఇండియానాలోని గ్యారీ ప్రాంతపు మిల్లులో హెల్మెట్, కళ్లద్దాలు, ఇనుప ముక్కు బూట్లు వేసుకుని వరుసలో నిలబడితే, మన వంతు రెండు గంటలకూ రావచ్చు, ఆరు గంటలకూ రావచ్చు. 44,000 పౌండ్ల కాయిల్‌ను క్రేన్ తలపై నుంచి తెచ్చి, నేను ముందే పరచిన రబ్బరు చాపల మీద, అంచు చెక్కిన దుంగల నడుమ దించుతుంది. దించిన క్షణంలో ట్రైలర్ ఒక మూలుగు మూలిగి కుదురుకుంటుంది, స్ప్రింగుల బదులు ఉండే ఎయిర్ బ్యాగులు బుసకొడతాయి, విల్లులా ఉన్న డెక్కు కళ్ల ముందే సమతలమవుతుంది. అక్కడి నుంచి పని నాది. కట్ల మొత్తం బలం సరుకు బరువులో కనీసం సగం ఉండాలన్నది నిబంధన, అంటే 22,000 పౌండ్లు. 3/8 అంగుళం మందముండే గ్రేడు 70 రకం గొలుసు ఒక్కొక్కటి 6,600 పౌండ్ల పనిభారానికి తట్టుకుంటుంది. నేను నిబంధనను మించి ఎనిమిది గొలుసులు కాయిల్ కన్ను (చుట్ట నడిమి రంధ్రం) గుండా ముందుకూ వెనక్కూ లాగి బిగిస్తాను. గట్టిగా బ్రేకు వేసినప్పుడు సరుకు తన బరువులో 80 శాతం బలంతో ముందుకు తోసినా కట్టు నిలవాలని చట్టం కోరుతుంది. ఆ ముందువైపు ఉన్నది నేను కూర్చునే క్యాబిన్ కాబట్టి ఆ అంకెను ఎవరూ నాకు గుర్తు చేయనక్కర్లేదు. బయల్దేరిన 50 మైళ్లలోపు ఆగి కట్లు చూడాలి, ఆ తర్వాత ప్రతి 150 మైళ్లకో మూడు గంటలకో, ఏది ముందైతే అప్పుడు. ఆ మొదటి ఆగుడులో కనీసం ఒక గొలుసైనా కాస్త వదులు కాకపోవడం నేను ఈ ఏడేళ్లలో అరుదుగా చూశాను.

టార్పాలిన్ల మాట వేరు. కలప మీద కప్పేది ఒక్కొక్కటి నూరు పౌండ్ల దాకా తూగుతుంది, రెండు కావాలి. డెక్కు నేల నుంచి ఐదడుగులు, దాని మీద కలప ఎనిమిదడుగులు, అంటే పదమూడు అడుగుల ఎత్తున గాలిలో నిలబడి ఆ బరువును విప్పి పరచాలి. 2020 డిసెంబరులో ఒక ఉదయం మంచు పట్టిన కలప మీద కాలు జారి డెక్కు మీదికి, అక్కడి నుంచి నేల మీదికి పడ్డాను. చీలమండ విరిగింది, ఏడు వారాలు ఇంట్లో ఉన్నాను. సొంత ట్రక్కు వాళ్లకు ఉద్యోగులకుండే గాయాల పరిహారం సాధారణంగా వర్తించదు, మనమే విడిగా వృత్తి ప్రమాద బీమా తీసుకోవాలి. నాకు ఆ పాలసీ ఉంది కాబట్టి ట్రక్కు చేతిలో మిగిలింది, లేకపోతే రెండు వాయిదాలు తప్పి అమ్ముకోవలసి వచ్చేది. ఈ పనిలోకి రావాలనుకునేవారిని నేను చేతులు పట్టుకుని అడిగేది ఒక్కటే, ట్రక్కుకు బీమా చేయించిన రోజే మీ ఒంటికీ చేయించుకోండి.

ఇక డబ్బు సంగతి. ట్రక్కు వాయిదా, బీమా, నంబరు ప్లేట్లు, అనుమతులు కలిపి చక్రం కదిలినా కదలకపోయినా నాకు రోజుకు దాదాపు 190 డాలర్లు ఖర్చవుతుంది. అందుకే మైలు రేటును రెండో స్థానంలో పెట్టాను. గత ఏడాది నా ముందు ఒకేసారి రెండు లోడ్లు ఉన్నాయి. ఒకటి 520 మైళ్లకు 1,700 డాలర్లు, చూడటానికి ఎంతో బాగుంది, కానీ శుక్రవారం మధ్యాహ్నం ఎత్తుకుని రెండు టార్పాలిన్లు కప్పి సోమవారం ఉదయం దించాలి. రెండోది 480 మైళ్లకు 1,150, టార్పాలిన్ లేదు, శనివారం ఉదయమే దించవచ్చు, దించిన చోటికి ఇరవై మైళ్లలో పైపుల లోడు సిద్ధంగా ఉంది. మొదటిది మూడు రోజులు తింటుంది కాబట్టి రోజుకు 570 డాలర్లు కూడా రాదు. రెండోది తీసుకుని అదే మూడు రోజుల్లో 2,300 దాటించాను. లోడు వెతికేటప్పుడు నేను వేసుకునే ప్రశ్న, ఇది నా రోజులు ఎన్ని తీసుకుంటుంది అన్నదే.

డీజిల్ ఈ లెక్కను తలకిందులు చేయగలదు. నా ట్రక్కు గాలనుకు ఆరున్నర మైళ్లు ఇస్తుంది. 2022 మొదట్లో గాలను 3.60 డాలర్ల దగ్గర ఉన్నప్పుడు మైలుకు 55 సెంట్లు అయిన ఇంధనం, అదే ఏడాది జూన్‌లో దేశ సగటు 5.70 దాటినప్పుడు 88 సెంట్లయింది. ఆ వేసవిలో వేగాన్ని గంటకు 62 మైళ్లకు తగ్గించాను. గంటలు పోయినా డీజిల్ ఆదా అయింది. పన్నుల విషయంలో కొత్తవారు తప్పక పొరపడతారు. స్వయం ఉపాధి పన్ను 15.3 శాతం, దాని మీద ఆదాయపు పన్ను, మూడు నెలలకోసారి ముందస్తుగా కట్టాలి. బరువైన వాహనాల పన్ను ఏటా 550 డాలర్లు. ప్రతి చెక్కు రాగానే పాతిక శాతం వేరే ఖాతాలోకి పంపడం మొదటి ఏడాది దెబ్బ తిన్నాక అలవాటు చేసుకున్నాను.

లీజు కాలం గురించి ఒక చేదు అనుభవం ఉంది. ఆ సంస్థ నాకు కిరాయిలో శాతం ఇచ్చేది. అసలు కిరాయి ఎంతో చూపే బిల్లు కాపీ అడిగితే, కార్యాలయంలో అది రహస్యమని చెప్పారు. శాతం మీద పనిచేసేవారికి ఆ బిల్లు చూపాలనీ, లీజు ముగిసిన 45 రోజుల్లో ఎస్క్రో సొమ్ము (సంస్థ తన దగ్గర పట్టి ఉంచుకునే డిపాజిట్) తిరిగి ఇవ్వాలనీ ఫెడరల్ లీజు నిబంధనల్లో స్పష్టంగా ఉంది. నేను బయటికి వచ్చాక నా ఎస్క్రో నాలుగు నెలలు రాలేదు. చివరికి నిబంధన సంఖ్యతో సహా లేఖ రాస్తే పది రోజుల్లో చెక్కు వచ్చింది. సంతకం చేసే ముందు ఆ నిబంధనలు చదివి ఉంటే మూడేళ్లు తక్కువ శాతానికి పనిచేసేవాడిని కాను. సొంత అథారిటీలో ఆ బాధ లేదు కానీ బీమా బరువు మన మీద పడుతుంది. చట్టం అడిగేది 7,50,000 డాలర్ల బాధ్యత బీమా అయినా, లోడ్లు కుదిర్చే బ్రోకర్లు సాధారణంగా పది లక్షలకు తక్కువైతే లోడే ఇవ్వరు.

మళ్లీ కొంటే ఇదే కొలత, ఇదే లోహం తీసుకుంటాను, ఒక్క మార్పు తప్ప. కాలిఫోర్నియాలో పెద్ద ట్రక్కులకు కేటాయించిన మార్గాలు దాటితే, కింగ్‌పిన్ (ట్రైలర్‌ను ట్రక్కుకు తగిలించే ముందువైపు పిన్ను) నుంచి చివరి యాక్సిల్ మధ్యకు 40 అడుగులు మించకూడదు. నా ట్రైలర్ యాక్సిళ్లు కదలవు కాబట్టి ఏడేళ్లలో ఆ రాష్ట్రపు లోడు ఒక్కటీ తీసుకోలేదు. వెనుక యాక్సిల్ ముందుకు జరిగే రకం ఒకటి కిందటి నెల చూసి వచ్చాను. పాత దానికి ఎంత పలుకుతుందో తెలిశాక, బహుశా ఈ చలికాలంలోపే, నిర్ణయం తీసుకుంటాను.