కుళాయి గార తీసే ద్రావణం కొనేముందు సీసా వెనుక వైపు చదవండి

కుళాయి ధార సన్నబడిందని గార తీసే ద్రావణం కొనాలనుకుంటున్న వారికి, నాకు జరిగిన నష్టం మరొకరికి జరగకూడదని ఈ హెచ్చరిక రాస్తున్నాను.

నేను కొన్న సీసా మీద 'అన్ని కుళాయిలకూ సురక్షితం' అని పెద్ద అక్షరాలతో ఉంది. కుళాయి మూతికి ఉండే జాలీని విప్పి, సీసా మీద చెప్పినట్లే ఆ ద్రావణంలో పది నిమిషాలు నానబెట్టాను. గార కరిగిన మాట నిజమే, కానీ దానితోపాటు జాలీ చుట్టూ ఉన్న మెరుపు పూత కూడా లేచిపోయి లోపలి ఇత్తడి బయటపడింది. ఆ ఘాటుకు గొంతు చాలాసేపు మండింది. అప్పుడు సీసా తిప్పి చూస్తే, హైడ్రోక్లోరిక్ ఆమ్లం అన్న మాట కంటికి ఆననంత సన్నగా అచ్చయి ఉంది. కుళాయిలకు ఆ మెరుపునిచ్చే క్రోమియం పొర సాధారణంగా ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం కూడా ఉండదు, ఆ ఆమ్లానికి క్రోమియం కరిగిపోతుంది. అలాంటి దాన్ని సురక్షితమని అమ్మడం నా దృష్టిలో మోసమే. అమ్మినవారు మాత్రం మూత తీసిన సీసాను వెనక్కి తీసుకోబోమన్నారు, పాడైన కుళాయి గురించి మాట్లాడనే లేదు.

నిజానికి ఆ సీసా అవసరమే లేదు. ముందుగా జాలీని విప్పి కుళాయి తిప్పి చూడండి: ధార నిండుగా వస్తే అడ్డు జాలీలోనే ఉన్నట్టు, రాకపోతే లోపం ఇంకెక్కడో ఉన్నట్టు, అప్పుడు జాలీని ఎంత కడిగినా ఫలితం ఉండదు. (విప్పేముందు సింకు రంధ్రాన్ని గుడ్డతో మూయండి, చిన్న వాషర్ జారిపోతే మళ్లీ దొరకదు.) గారలో ఎక్కువ భాగం తేలికపాటి ఆమ్లానికే కరిగే కాల్షియం కార్బొనేట్ కాబట్టి, సుమారు 5 శాతం ఎసిటిక్ ఆమ్లం ఉండే వంటింటి వెనిగర్‌లో అరగంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, బాగా కడిగితే సాధారణంగా సరిపోతుంది. బంగారు రంగు, నలుపు రంగు పూతలున్న భాగాలను మాత్రం వెనిగర్‌లో కూడా నానబెట్టకండి.

ఇప్పటికే అలాంటి ఆమ్లపు సీసా ఇంట్లో ఉన్నవారు దాన్ని బ్లీచ్ కలిసిన ఏ క్లీనర్‌తోనూ కలవనివ్వకండి, ఒకే సింకులో ఒకదాని వెంట మరొకటి పోయకండి. ఆ రెండూ కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది.