బెంగళూరు టేస్టింగ్ మెనూలో ఆవకాయ ఐస్‌క్రీమ్

మారతహళ్లిలో మా ఇంట్లోనే పచ్చళ్లు పట్టి అమ్ముతుంటాను. సొంతూరు ఒంగోలు పక్కన. మెనూలో ‘ఆవకాయ, మూడు రకాలుగా’ అని కనపడబట్టే మనిషికి ఐదు వేల పైచిలుకు పెట్టి ఈ రెస్టారెంట్‌కి వెళ్లాం, నేనూ మా చెల్లెలూ. పేరు రాయడం లేదు. సీజన్ మారితే మెనూ అంతా మార్చేస్తారట, మీరు వెళ్లేసరికి నేను తిన్నవి ఉండవు. అందుకే వంటల గురించే రాస్తున్నాను.

టేస్టింగ్ మెనూలో మనం ఆర్డర్ ఇచ్చేది ఏమీ ఉండదు. షెఫ్ అనుకున్న వరుసలో చిన్న చిన్న ప్లేట్లు వస్తాయి, ఒక్కోటీ రెండు మూడు ముద్దలు. మాకు తొమ్మిది వచ్చాయి, దాదాపు మూడు గంటలు పట్టింది. మనకు ఏవి పడవో ముందే ఫోన్ చేసి అడిగారు. చెల్లెలికి జీడిపప్పు పడదు. తన ప్లేట్లు మార్చి తెచ్చిన ప్రతిసారీ, ఇందులో జీడిపప్పుకి బదులు ఏం వేశారో చెప్పి మరీ పెట్టారు. ఇంత శ్రద్ధ నేను వేరే ఎక్కడా చూడలేదు.

మొదట వచ్చిన రాగి అప్పడం మీద గోంగూర బాగుంది. పులుపు తగ్గించి తీపి కలిపేస్తారేమో అనుకున్నాను, కలపలేదు. ఎర్ర గోంగూర పులుపు ఉన్నది ఉన్నట్టే ఉంచారు.

తర్వాత చారు. నాకు ఆ రాత్రి అన్నిటికంటే నచ్చింది ఇదే. గాజు గ్లాసులో నీళ్లలా తేటగా ఉంది, నోట్లో పోసుకుంటే పక్కా టమాటా చారు. ఎలా చేశారని అడిగితే చెప్పారు. పండిన టమాటాలు ఉప్పు వేసి చిదిపి, గుడ్డలో మూటకట్టి రాత్రంతా వేలాడదీస్తారు. చుక్కచుక్కగా దిగిన నీళ్లే చారు. ఎరుపునిచ్చే లైకోపీన్ నీళ్లలో కరగదు కాబట్టి గుజ్జుతో పాటు గుడ్డలోనే ఉండిపోతుంది, పులుపు మాత్రం కిందికి దిగుతుంది. ఆ నీళ్లను మిరియాలు, వెల్లుల్లితో వేడి చేసి, మన ముందే కొత్తిమీర మీద పోశారు. చారు ఒక పొంగు రాగానే దింపెయ్యాలని మా అమ్మ అనేది, ఎక్కువ మరిగితే వాసనంతా ఆవిరిలో పోతుందని. వీళ్లు ఆ సంగతి తెలిసి చేశారు. పైన ఇంగువ తిరగమోత నూనె రెండే చుక్కలు వేశారు, అంతే చాలు.

పెరుగు గోళీ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్ కలిపిన నీళ్లలో పెరుగు చెంచాతో జారవిడిస్తే, పెరుగులోని కాల్షియం వల్ల చుట్టూ పల్చటి పొర కడుతుంది. 2003 ప్రాంతంలో స్పెయిన్‌లో ఫెరాన్ ఆడ్రియా అనే షెఫ్ వంటగది నుంచి ఈ గోళీల పద్ధతి ప్రపంచమంతా పాకింది. నోట్లో టప్పున పగులుతుంది. చెల్లెలు ముచ్చటపడి ఇంకోటి అడిగింది. పగిలాక మిగిలేది మామూలు పెరుగే కదా అనిపించింది నాకు. కంద, పనసకాయ ప్లేట్లు, తనకొచ్చిన రొయ్యలు పర్వాలేదు.

ఇక ఆవకాయ. పచ్చి మామిడికాయ సోర్బే (పాలు కలపని ఐస్), ఆవపిండి ఐస్‌క్రీమ్, పక్కనే వేడివేడి ముద్దపప్పు నురగ. చదవడానికి ఎంత బాగుందో! సోర్బే నిజంగా బాగుంది, కాయ పులుపు, ఉప్పు సరిగ్గా కుదిరాయి. ఐస్‌క్రీమ్ దగ్గరే తేడా కొట్టింది. ముక్కుకి ఎక్కాల్సిన ఆవ ఘాటు లేదు, నాలుక వెనక చేదు మిగిలింది. ఆవపిండి పొడిగా ఉన్నంతసేపూ ఘాటుండదు. తడి తగిలితే అందులోని ఎంజైము పనిచేసి ఘాటు పుట్టిస్తుంది. ఆవకాయలో ఆ తడి మామిడి ముక్కల నుంచి వస్తుంది. మరిగే వేడి తగిలిందో ఎంజైము చచ్చిపోతుంది, చేదే మిగులుతుంది. అందుకే ఆవాలు ఎండబెట్టి కొడతాం తప్ప వేయించం.

వడ్డిస్తున్న అబ్బాయిది అనంతపురం. అతనికి ఈ మాట చెప్తే, “అమ్మా, షెఫ్‌ని పిలుస్తాను, మీరే చెప్పండి” అని లోపలికి వెళ్లాడు. షెఫ్ వచ్చి నిలబడి మొత్తం విన్నాడు. వేడి పాల మిశ్రమంలోనే ఆవపిండి వేశామన్నాడు. పిండిని చన్నీళ్లలో కలిపి పది నిమిషాలు పక్కన పెట్టి, మిశ్రమం పూర్తిగా చల్లారాక కలపమన్నాను. ఒక చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. అతని మీద నాకు గౌరవం కలిగింది.

కానీ నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అన్నం. ఎనిమిదో ప్లేటు దాకా మెతుకు లేదు. అప్పుడు చిట్టిముత్యాల బియ్యంతో చేసిన చిన్న ముద్ద, నెయ్యి, కందిపొడి అన్నీ ముందే కలిపేసి వచ్చింది. రుచికి వంక పెట్టలేను. అయితే మన భోజనంలో వంట సగమే వంటింట్లో అవుతుంది, మిగతా సగం విస్తట్లో మన చేతిలో అవుతుంది. పప్పులో ఆవకాయ ఎంత, నెయ్యి ఎంత, ముక్క ఎప్పుడు కొరకాలి, ఇవన్నీ తినేవాళ్ల ఇష్టం. ఒకే వంట తిని లేచినా మా చెల్లెలి ముద్ద వేరు, నా ముద్ద వేరు. ఇక్కడ ప్రతి ముద్దా షెఫ్ కలిపినదే. చారుకి అది సరిపోయింది, పప్పూ ఆవకాయకి సరిపోలేదు. ఆ ఒక్క ప్లేటులో అన్నం, పప్పు, ఊట విడివిడిగా పెట్టి చేత్తో కలుపుకోమంటే చాలా బాగుండేది.

చివర వచ్చిన పూతరేకు దగ్గర సరిగ్గా ఆ పనే చేశారు. కోనసీమలో ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. బోర్లించిన వేడి కుండ మీద బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డ పరిచి తీస్తే వచ్చే ఆ రేకు, తడి తగిలిందంటే మెత్తబడిపోతుంది. వీళ్లు రేకు విడిగా, బెల్లం కలిపిన చల్లటి మీగడ విడిగా తెచ్చి, మనల్నే చుట్టుకోమన్నారు. కరకరలాడుతూనే కరిగిపోయింది. ఇద్దరం మాట్లాడకుండా తిన్నాం.

బిల్లులో 10 శాతం సర్వీస్ ఛార్జీ వేశారు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం దాన్ని తప్పనిసరి చేయకూడదు, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది. అడిగితే వెంటనే తీసేశారు. వడ్డించిన అబ్బాయికి విడిగా చేతికిచ్చాం.

ఇలాంటి భోజనం మీద ఆసక్తి ఉంటే, చెన్నైలో ఐటీసీ గ్రాండ్ చోళ హోటల్‌లోని ఆవర్తన రెస్టారెంట్ దక్షిణాది రుచులతోనే ఇలాంటి మెనూలు పెడుతుంది. 2025లో ఆసియా 50 ఉత్తమ రెస్టారెంట్ల జాబితాలో దానికి 30వ స్థానం వచ్చింది. నేను తర్వాత వెళ్లాలనుకుంటున్నది అక్కడికే. ఎక్కడికి వెళ్లినా శాకాహారమో మాంసాహారమో, ఏవి పడవో బుకింగ్‌లోనే చెప్పెయ్యండి. మధ్యాహ్నం తేలిగ్గా తినండి గానీ ఆకలితో మాత్రం వెళ్లకండి, మొదటి మూడు ప్లేట్లలో కడుపుకి తగిలేది ఏమీ ఉండదు.