చిన్న పెరటికి సరిపోయే గుమ్మడి: బటర్‌బుష్ విత్తనాలు

జాగా లేక గుమ్మడి జోలికి పోనివాళ్లు ఈ బటర్‌బుష్ విత్తనాలు ధైర్యంగా కొనుక్కోవచ్చు. పొడవాటి మెడ, కింద బొడిపె ఉండే బటర్‌నట్ గుమ్మడిలో ఇది గుబురు రకం. మామూలు వాల్తమ్ రకమైతే పదడుగులు దాటి పాకుతుంది. మా న్యూజెర్సీ టౌన్‌హౌస్ వెనక ఉన్న కాస్త చోటులో అది పెడితే పక్కింటి కంచె ఎక్కాల్సిందే. ఇది నాలుగడుగుల్లోపే ఆగింది, పక్కన గోంగూర కూడా బతికి బట్టకట్టింది.

ప్యాకెట్ మీద 75 రోజులని రాసి ఉంటుంది, వాల్తమ్‌కి వంద దాకా పడుతుంది. అందుకే మెంతికూర, పాలకూర పీకేశాక జూన్ మొదట్లో అదే మడిలో గింజ పెట్టినా చలి రాకముందే కాయ చేతికొచ్చింది. మొదట్లో అన్నీ మగపువ్వులే పూస్తాయి, టెన్షన్ పడకండి. అడుగున బుల్లి పిందెతో ఆడపువ్వు కనిపించాక, తేనెటీగలు రాకపోతే పొద్దున్నే మగపువ్వు కోసి, రేకులు తీసేసి దానికి అద్దండి. ఎండెక్కితే పువ్వు ముడుచుకుంటుంది.

ఇక్కడ జుకినీ కాండం తొలిచేసే పురుగు దీన్ని పెద్దగా పట్టించుకోదు, కాండం గట్టిగా ఉంటుంది కదా. బూడిద తెగులు మాత్రం తప్పలేదు. ఆగస్టులో ఆకులు తెల్లబడిపోయాయి. ఆ బెడద ఎక్కువున్నవాళ్లు 2015లో ఆల్ అమెరికా సెలెక్షన్స్ అవార్డు పొందిన బటర్‌స్కాచ్ పీఎంఆర్ అనే బటర్‌నట్ రకం చూడండి. అదీ పొట్టి తీగే, ఈ తెగులును కొంత తట్టుకుంటుంది.

కాయ ముప్పావు కిలో ఉంటుందేమో. వీడియో కాల్‌లో చూసి మా అత్తయ్యగారు "గుమ్మడికాయా అమ్మాయ్, సొరపిందె అనుకున్నా" అన్నారు. రుచికి మాత్రం వంక పెట్టలేం. పీచు లేదు, గింజలన్నీ కింది బొడిపెలోనే, మెడంతా గుజ్జు. దప్పళంలో ములక్కాడ సగం ఉడికాకే ఈ ముక్కలు వేయాలి, లేకపోతే కరిగిపోతాయి. బెల్లం సగానికి తగ్గించండి. ఆవపెట్టిన కూర అయితే మన తీపి గుమ్మడికంటే ఇదే బాగుందని నా అభిప్రాయం, మా ఆయన ఒప్పుకోరు.

తొక్క మీద గోరు దిగనప్పుడు తొడిమెతో సహా కోసి, వెచ్చగా గాలి ఆడేచోట పది రోజులు ఆరనిస్తే నెలల తరబడి నిలవుంటుంది. పాదుకి నాలుగైదు కాయలే వస్తాయి కాబట్టి ఇంటి మటుకైతే రెండు పాదులు చాలు. దీపావళికి స్నేహితులందరికీ పంచాలంటే వాల్తమ్‌కే చోటు వెతుక్కోండి.